సకినం ఎవరి సంతకం?

ఇబ్రహీంపట్నంలో మా పెద్దమ్మ సకినం చుడుతుంటే పిండి ఆమె వేళ్ల మధ్య దారంలా తిరుగుతుంది. నానబెట్టిన కొత్తబియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. తెల్లగుడ్డ మీద ఒకదాని చుట్టూ ఒకటిగా మూడు నాలుగు వరుసలు. గుడ్డ తడి పీల్చుకున్నాకే లేపి నూనెలో వేయాలి. తొందరపడితే విరుగుతుంది.

దీన్ని 'అజ్ఞాత స్త్రీల కళ' అంటూ ఓ సదస్సులో పత్రం చదివాను. పెద్దమ్మకు చెబితే, "కళనా బిడ్డా! అయితే మీ పెద్దబాపును గూడ కూసోమను. నా నడుం పట్కపోతున్నది" అంది. చప్పట్లు నాకు, నడుంనొప్పి ఆమెకు.

అసలు 'అజ్ఞాత' అనడమే తప్పు. వరుసల బిగువు చూసి అది ఎవరి చెయ్యో ఆ వాడలో చెప్పేస్తారు. కళ అంటే చాకిరీ మరుగున పడుతుంది. ఉత్త చాకిరీ అంటే, వంకర సకినాన్ని చూసి మూతి విరిచే ఆమె గర్వాన్ని ఎక్కడ పెట్టాలి?

1979లో జూడీ షికాగో 'ది డిన్నర్ పార్టీ'లో 39 మంది స్త్రీల పేర విస్తళ్లు అమర్చింది. అవిప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. సకినం మాత్రం సారెలో వియ్యాలవారింటికి పోతుంది. అక్కడ లెక్కపెడతారు. తక్కువైతే మాటపడేది కూతురు. పెద్దమ్మ నడుం వంచేది ఆ భయానికి కూడా.

ఈ సంక్రాంతికి దుకాణంలో కొందామన్నాను. అక్కడా చుట్టేది ఆడవాళ్లే, కాకపోతే కూలి ముడుతుంది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. కానీ కిలోకు కూలి ఎంతిస్తారని అడిగింది. చెప్పాను. పిండి చేతి వేళ్ల మీదే చాలాసేపు ఏదో లెక్కేసుకుంది.