బదులు రాకపోతే లేనట్టేనా?

పిలిచినా పలకలేదంటే అక్కడ ఎవరూ లేరనా, పిలుపే చేరలేదనా? 2020 లాక్‌డౌన్ తర్వాత కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు సర్వర్‌కు వీపీఎన్ కలుపుకునే ఉద్యోగులకు ఇది పాత తర్కశాస్త్రపు ప్రశ్నగా మిగల్లేదు. వీపీఎన్ కలవకపోతే వెంటనే ‘సర్వర్ డౌన్’ అనేస్తాం. ఆ మాటకు మన దగ్గరున్న ఆధారం మౌనం ఒక్కటే. కుమారిల భట్టు దారిలో నడిచిన మీమాంసకులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, విడి ప్రమాణంగానే ఒప్పుకున్నారు. కానీ గట్టి షరతు పెట్టారు: ఉంటే కనబడి తీరాల్సిన చోట కనబడనప్పుడే లేదని తేలుతుంది. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు.

సర్వర్ పలుకుతుందో లేదో చూడటానికి పంపే పింగ్‌కు జవాబు రాకపోవడం చాలాసార్లు చీకటి గది వ్యవహారమే. ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపేసి వీపీఎన్‌ను మాత్రం రానివ్వవచ్చు. విండోస్ చూపే 809 ఎర్రర్ సర్వర్ స్పందించడం లేదంటుంది. నిజానికి యూడీపీ 500, 4500 పోర్టులు దారిలో ఎక్కడ మూసుకున్నా అదే ఎర్రర్ రావచ్చు. అదే 691 వస్తే నాకైతే శుభవార్తలా తోస్తుంది. అవతల ఎవరో మన పేరూ పాస్‌వర్డూ చూసి కాదన్నారు, అంటే దారి తెరిచే ఉంది. ఇంకో రకం ఉంది: వీపీఎన్ కలుస్తుంది, చిన్న సందేశాలు పోతాయి, పెద్ద ఫైలు దగ్గర మాత్రం అంతా నిలిచిపోతుంది. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కు మామూలు పరిమితి 1500 బైట్లు. వీపీఎన్ తన హెడర్లను పైన చుట్టేసరికి అది దాటిపోతుంది. ఎంటీయూ అనే ఈ పరిమితిని తగ్గించినప్పుడు కదిలి, మళ్లీ పెంచినప్పుడు ఆగితే కారణం దొరికినట్టే. న్యాయదర్శనం వారైన నైయాయికుల అన్వయ వ్యతిరేకాలు ఇవే.

రూటర్ ఆపి మళ్లీ పెడితే సరిపోయేదానికి ఇంత తర్కమా అనవచ్చు. సరిపోతే పని జరుగుతుంది, నిజమే. కానీ కారణం ఆనవాళ్లు కూడా దాంతోపాటే చెరిగిపోతాయి, రేపు అదే బాధ మళ్లీ మొదలు. మరి ప్రతిదాన్నీ శంకిస్తూ పోతే అంతెక్కడ? మొబైల్ హాట్‌స్పాట్ నుంచి అదే ఖాతాతో వీపీఎన్ కలిసిందంటే సర్వర్ మీద శంక అక్కడితో ఆగాలి. ఎల్లారెడ్డికి పొరుగునున్న మెదక్ సీమలోని కొల్చారం వాడని ప్రతీతి ఉన్న సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలం లేనిదేదీ రాయనని వ్యాఖ్యానానికి నియమం పెట్టుకున్నాడు. సర్వర్ మీద రాసే ఫిర్యాదుకూ ఆ నియమం వర్తించాలని నా వాదన.

దేవుడు కనబడడు కనుక లేడన్న వాదానికి ‘న్యాయకుసుమాంజలి’లో నైయాయికుడు ఉదయనుడు బదులిచ్చింది కూడా, ఉంటే కనబడి తీరాలన్న ఆ షరతుతోనే: కంటికి కనబడే యోగ్యతే లేనిదాన్ని కనబడలేదని కొట్టేయలేం. అయితే ఈ కత్తి భక్తుడి వైపూ తెగుతుంది. మౌనం నుంచి ఉనికినీ రాబట్టలేం. అందుకే ఉదయనుడు అక్కడితో ఆగక, జగత్తు కార్యం కనుక దానికి కర్త ఉండాలన్న అనుమాన ప్రమాణాన్ని వేరుగా నిలబెట్టవలసి వచ్చింది.