బింబం కనబడక ముందు

విస్సన్నపేట మామిడితోటల మీద పొద్దు పొడిచిన పది నిమిషాలకు గానీ గండికోటలో సూర్యుడు కనబడడు. రెండు ఊళ్లకూ మధ్య రేఖాంశంలో దాదాపు రెండున్నర డిగ్రీల తేడా ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు రోజుల్లో లెక్క సుమారుగా అలా తేలుతుంది. అయినా ఇటు కుర్రాళ్లు బ్యాగులు సర్దుకుని విజయవాడ చేరతారు. అక్కణ్ణుంచి ఒక రాత్రి ప్రయాణంలో, మరో రాత్రి జమ్మలమడుగు అవతల గుడారంలో గడుపుతారు. పెరట్లో నిలబడితే అగుపించే సూర్యుడి కోసం రెండు రాత్రుల నిద్ర!

“మన ఊళ్లో పొద్దు పొడవదట్రా?” అని ఇంట్లో పెద్దలు ఎత్తిపొడుస్తారు. వెటకారమే అయినా ప్రశ్న మాత్రం గట్టిది.

ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసిన చోటు గండికోట. అక్కడి రాళ్లను ఎర్ర గ్రానైట్ అని ప్రచారం చేస్తారు గానీ భూగర్భ శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో వాటి పేరు గండికోట క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక పేరుకుని, గట్టిపడి అలా రాయైంది. శాస్త్రం ఆ ప్రాంతాన్ని ఎడారి అనదు. కానీ తోటల నీడలో పెరిగినవాళ్ల కళ్లకు ఆ బండలూ, ఆ ముళ్లపొదలూ ఎడారికి ఏం తక్కువ? పగలంతా కాలిన రాయి తెల్లవారుజాముకు చల్లారిపోతుంది. ఐదున్నరకల్లా గుడారాల జిప్పులు తెరుచుకుంటాయి. దుప్పట్లు కప్పుకున్న జనం లోయ అంచున చేరి, తూర్పుకేసి ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. బింబం మొదటి అంచు నుంచి పూర్తిగా బయటపడడానికి పట్టేది రెండు నిమిషాల చిల్లర. ఈలలు, చప్పట్లు అవుతాయి. మూడో నిమిషానికి సగం మంది టీ కోసం వెనక్కి మళ్లుతారు.

సంధ్యావందనం నియమం ప్రకారమైతే వీళ్లు ఆలస్యంగా వచ్చినట్టే. చుక్కలు కనబడుతుండగా చేసే ప్రాతస్సంధ్య ఉత్తమం. చుక్కలు మాసిపోయాక చేసేది మధ్యమం. సూర్యుడు కనబడ్డాక చేసేది అధమం. వేళ దాటితే ప్రాయశ్చిత్తంగా ఒక అర్ఘ్యం అదనంగా ఇవ్వాలి. అంటే చప్పట్లు కొట్టించిన ఆ రెండు నిమిషాలు శాస్త్రం దృష్టిలో గడువు తీరిన సమయం. గాయత్రి ప్రార్థించేది కూడా సవితను, అదీ బుద్ధిని ప్రేరేపించమని. బింబాన్ని చూపించమని అందులో ఎక్కడా లేదు. 14వ శతాబ్దంలో విజయనగర రాజుల ఆశ్రయంలో వేదభాష్యం రాసిన సాయణుడు ఇక్కడ ఒక సన్నని గీత గీశాడు. ఉదయానికి ముందున్నవాడు సవిత, ఉదయం నుంచి అస్తమయం దాకా ఉండేవాడు సూర్యుడు అన్నాడు. ఒకే వెలుగుకు కనబడక ముందు ఒక పేరు, కనబడ్డాక ఇంకొక పేరు. ఫోన్లన్నీ రెండో పేరు కోసమే లేస్తాయి.

పురాణాల దారి ఇంకా చిత్రమైనది. మందేహులనే రాక్షసులు సంధ్యవేళ సూర్యుణ్ణి మింగబోతారని, జపంతో విడిచిన అర్ఘ్యజలం వజ్రమై వాళ్లను దహిస్తుందని విష్ణుపురాణం రెండో అంశం ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. గుక్కతిప్పుకోనివ్వని కథ. అదే అధ్యాయంలో మరోచోట అసలు సూర్యుడికి ఉదయమూ లేదు, అస్తమయమూ లేదు, కనబడడాన్నీ కనబడకపోవడాన్నీ జనం అలా పిలుచుకుంటారు అని ఉంది. ఐతరేయ బ్రాహ్మణం ఈ మాటను అంతకు చాలా ముందే చెప్పింది. 499 నాటి ఆర్యభటీయం పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి కదిలినట్టు తోచడాన్ని పోలికగా తెచ్చి, ఆకాశం పడమటికి సాగినట్టు కనబడడం కూడా అలాంటిదే అంది. ఉదయించనివాడికి అర్ఘ్యం దేనికని పురాణకర్తకు సందేహం రాలేదా? వచ్చే ఉంటుంది. రెండు మాటలనూ ఒకే అధ్యాయంలో ఉంచి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం పొరపాటులా అనిపించదు.

గండికోట కోట లోపల మాధవరాయ ఆలయానికి కాస్త దూరంలోనే జామియా మసీదు ఉంది. ఇస్లాంలో ఫజ్ర్ నమాజు వేళ తూర్పున వెలుగురేఖ పరుచుకోవడంతో మొదలై, సూర్యుడు పొడవడంతో ముగుస్తుంది. సరిగ్గా పొద్దు పొడిచే ఆ కాసేపూ నమాజు చేయకూడదని హదీసులు వారించాయి. సూర్యుణ్ణి పూజించేవారితో పోలిక రాకూడదన్నది పండితులు చెప్పే కారణం. ఖురాన్‌లో ఇబ్రాహీం చుక్కనూ చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ వరసగా చూసి, అస్తమించేవాటిని కాదని పక్కన పెడతాడు. కాబట్టి ఈ రెండు సంప్రదాయాలనూ కలిపేసి అంతా ఒకటేనని తేల్చడం తొందరపాటు. ఒకటి సవితకు అర్ఘ్యమిస్తుంది, రెండోది సూర్యుడికి మొక్కవద్దంటుంది. అయినా ఒక విషయంలో రెండూ కలుస్తాయి. ఇద్దరికీ బింబం ఉపాసన తాలూకు గడువు. అది పైకొచ్చేలోగా చేయవలసింది అయిపోవాలి.

భౌతికశాస్త్రానిది ఇంకో చిక్కు. గాలిపొరల్లో కిరణాలు వంగడం వల్ల దిగంతం దగ్గరి వస్తువు అర డిగ్రీకి పైగా ఎత్తులో ఉన్నట్టు కనబడుతుంది. సూర్యబింబం వెడల్పూ ఇంచుమించు అంతే. అందుకే బింబం మొత్తం నేలను తాకుతూ గుండ్రంగా కనబడిన క్షణానికి సూర్యుడు నిజానికి ఇంకా దిగంతం కిందే ఉంటాడు. ఆ వెలుగైనా ఎనిమిది నిమిషాల కిందట బయల్దేరినది. పురాణం చెప్పిన కనబడడం అనే మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

కళ్లారా చూడాలన్న తపనను తక్కువ చేయడానికేమీ లేదు. శ్రీకాకుళం పక్క అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులు ఉదయకిరణాలు గర్భగుడి దాకా వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ కాసిని నిమిషాల కోసం భక్తులు చీకట్లోనే బారులు తీరతారు. మబ్బు పట్టిందా, ఆ పూటకు అదృష్టం లేనట్టే. అయితే అక్కడ నిలబడ్డవాళ్లంతా స్వామికి ఎదురుగా, అంటే ఆకాశంలో ఉన్న సూర్యుడికి వీపు పెట్టి ఉంటారు. చూడవలసింది వెలుగు వచ్చే చోటు కాదు, వాలే చోటు అని ఆ గుడి కట్టినవాళ్లు నిర్ణయించారు కాబోలు.

మాఘమాసంలో రథసప్తమి నాడు ఇళ్లలో జరిగేదీ అలాంటిదే. మామిడిపూత వాసన ఊరంతా పట్టి ఉండే రోజులవి. తల మీద జిల్లేడాకులూ రేగుపండూ పెట్టుకుని చేసే స్నానం సూర్యుడి కంటే ముందే అయిపోతుంది. తర్వాత తులసికోట దగ్గర పిడకల దాలి, దాని మీద పాలగిన్నె, నివేదనకు చిక్కుడాకులు. పొద్దు పొడిచే వేళకు ఇంటావిడ కళ్లు గిన్నె మీదే ఉంటాయి. పాలు పొంగాలి, మంట ఆరకూడదు, పొగకు కళ్లు మండుతుంటాయి. ఎండ ఆమె భుజం మీద పడ్డ సంగతి కూడా ఆమె గమనించదు.

ఆ రోజుకు విస్సన్నపేటకూ గండికోటకూ మధ్య పొద్దుపొడుపు తేడా సుమారు ఏడు నిమిషాలకు తగ్గుతుంది. గండికోటకు వెళ్లిన కొడుకు పంపిన ఫోటో ఫోనులో మోగేసరికి, ఆమె పొంగిన పాలలో బియ్యం పోస్తుంటుంది.