రథికుడును పాదచారియు

హైదరాబాదులో కోఠీ కూడలియొద్ద గాని, విజయవాడలో బెంజి సర్కిలునొద్ద గాని సాయంసమయమున రోడ్డు దాటువారిని పరికించినచో, వారిలో పెక్కుమంది యొక చేతిని ముందునకు చాచి, అరచేతిని వాహనములవైపు త్రిప్పి, రెండవచేత పిల్లవానినో సంచినో గట్టిగా పట్టుకొని, వేసిన యడుగును వెనుకకు తీయుచు, తీసిన యడుగును మరల వేయుచు కానవత్తురు. ఆలయములలో మూలవిరాట్టు చూపు అభయహస్తమును ఇట్టిదే. కాని యచట అభయ మొసగగలవాడు భయార్తునికి చూపుచున్నాడు, ఇచట భయార్తుడే భయపెట్టువానికి చూపవలసి వచ్చినది. ఇది పోలీసువారికిని పురపాలకులకును సంబంధించిన వ్యవహారమే గాని ధర్మజిజ్ఞాసకు విషయము కాదని కొందరు పెద్దలు తలంపవచ్చును. నేనట్లు తలంపను.

శాసనము లేకపోలేదు. కూడలిని గాని జీబ్రా గీతలను గాని సమీపించునపుడు చోదకుడు వేగము తగ్గింపవలెననియు, అచట నున్న మనుష్యులకు అపాయము కలుగదని యెరిగిన పిదపనే ముందునకు సాగవలెననియు 1989 నాటి రోడ్డు నియమములే విధించినవి. వాని స్థానమున 2017లో వేరు నిబంధనలు వచ్చినవి. ఐనను 2022వ సంవత్సరమున మనదేశపు రోడ్లపై మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకను పోవువారేయని కేంద్రప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. పాదచారికి పచ్చదీపము వెలిగిన క్షణమునందే 'ఫ్రీ లెఫ్ట్' అను పేర ఎడమకు మళ్ళు వాహనముల వరుస తెగక సాగుచుండును. నడచువానికి దీపము దక్కినది గాని దారి దక్కలేదు. చట్టము వ్రాసినచోటను, దీపము వెలిగించినచోటను దారి దొరకకున్నపుడు, లోపమును చోదకుని మనస్సులో వెదకవలసియున్నది.

మన ధర్మశాస్త్రకారులు దారి యిచ్చుటను మర్యాదగా గాక, తీర్పవలసిన ఋణముగా భావించిరి. బరువు మోయువానికిని, రోగికిని, స్త్రీకిని ఎల్లరును తొలగవలెనని ఆపస్తంబుడు విధించెను. మనువు ఆ పట్టికలో తొంబదియేండ్లు దాటిన వృద్ధుని, విద్య ముగించి వచ్చిన స్నాతకుని, రాజును, పెండ్లికుమారుని గూడ చేర్చెను. (పెండ్లికుమారుని మరువని ఆ స్మృతికర్త లోకజ్ఞుడు, మన ఊరేగింపులు నేటికిని ఆ హక్కును వదలుకొనలేదు.) అయితే ఇందొక చిక్కు కలదు. మనువు పట్టికలో మొట్టమొదట పేర్కొనబడినవాడు బండిలో పోవువాడే! కారు నడుపు పండితుడెవడైన ఈ ప్రమాణమును చూపి, నాకే దారి విడువుమని వాదించిన నేమందుము?

వాదము పైకి బలముగానే తోచును. కాని ఆనాటి బండిని నిలుపుట కష్టము, ఇరుకుదారిలో ఎద్దులను ప్రక్కకు మళ్ళించుట మరింత కష్టము. నడచువాడో ఒక్క అడుగు ఓరకు వేసిన చాలును. రాజును పెండ్లికుమారుని గౌరవార్థము చేర్చినారనుకొందము. తక్కినవారి యెడల శాస్త్రకారుని చూపు ఒక్కటే: తొలగుట ఎవనికి కష్టమో వానిది దారి, ఎవనికి సులభమో వానిది భారము. నేడు బ్రేకు చోదకుని పాదము క్రిందనే యున్నది. మోకాళ్ళనొప్పులతో నాలుగు వరుసల రోడ్డును దాటు ముసలమ్మకు పరుగెత్తుట సాధ్యము కాదు. ధర్మము మారలేదు, సులభముగా తొలగగలవాడు మారినాడు.

దారికొరకై పుట్టిన కలహము ఎంతదూరము పోగలదో మహాభారతము ఆదిపర్వమున చెప్పినంత ఘోరముగా మరియే గ్రంథమును చెప్పలేదని నా అభిప్రాయము. ఇక్ష్వాకువంశపు రాజగు కల్మాషపాదుడు వేటాడి యలసి, ఆకలిదప్పులతో వచ్చుచు, ఒక్కరికే చోటున్న యిరుకుబాటలో వసిష్ఠుని పెద్దకొడుకగు శక్తికి ఎదురుపడెను. తప్పుకొమ్మని రాజు పలికెను. బ్రాహ్మణునికి దారి యిచ్చుట రాజధర్మమని శక్తి మెల్లగనే బదులు చెప్పెను. ఇరువురిలో నెవ్వరును కదలలేదు. రాజు కొరడాతో మునిని కొట్టెను. నరమాంసభక్షకుడగు రాక్షసుడవు కమ్మని ముని శపించెను. ఆ శాపము తగిలినవాడు మొట్టమొదట మ్రింగినది శక్తినే. పిదప వసిష్ఠుని తక్కిన కుమారుల నందరిని. పుత్రశోకమున ప్రాణత్యాగమునకు సిద్ధపడిన ఆ వృద్ధమహర్షిని నిలిపినది, కోడలగు అదృశ్యంతి గర్భమునుండి వినవచ్చిన వేదఘోష. ఆ శిశువే పరాశరుడు, ఆతని కొడుకే వ్యాసుడు. అనగా భారతమును రచించిన మహర్షి తన తాత మరణకథను, ఒక బాటపై జరిగిన తగవుగా, తన గ్రంథముననే చెప్పుకొన్నాడు.

ఇందు రాజును దుర్మార్గునిగా కవి చిత్రింపలేదు; ఆకలిగొన్నవానిగా, త్వరపడువానిగా చిత్రించెను. ఆఫీసునుండి ఇంటికి పోవు మన చోదకుడును అట్టివాడే. అతడు క్రూరుడు కాడు, అలసినవాడు. శక్తి మాత్రము పూర్తిగా నిర్దోషియా? హక్కు ఆతనిదే, సందేహము లేదు. కాని ఆ హక్కును కోపముతో రక్షింపబోయి, తనను తినువానిని తానే సృష్టించుకొనెను. ఇందుకు భిన్నముగా, అదే భారతమున మిథిలకు యజ్ఞము చూడ బోవుచున్న బాలుడగు అష్టావక్రుడు, గ్రుడ్డివానికిని చెవిటివానికిని స్త్రీకిని బరువు మోయువానికిని దారి ముందని, రాజునకు సయితము కొన్నియెడల దారి లేదని చెప్పగా, దారిలో ఎదురైన మిథిలారాజు జనకుడు మారుమాటాడక తొలగెను. అచట కథకు శాపముతో పని లేకపోయెను.

బౌద్ధుల రాజోవాద జాతకమున ఇదే చిక్కు రథమునకు రథము ఎదురైనపుడు వచ్చినది. కాశీరాజు బ్రహ్మదత్తుడును కోసలరాజు మల్లికుడును పల్లపుబాటలో ఎదురెదురుగా నిలువగా, సారథులిరువురును తమ ప్రభువుల వయస్సును, రాజ్యవిస్తీర్ణమును, సేనను, ధనమును, కులమును సరిపోల్చి చూచిరి; అన్నియు సమానమే. తుదకు శీలమును పోల్చిరి. మల్లికుడు కఠినునియెడ కఠినుడు, మృదువునియెడ మృదువు. బ్రహ్మదత్తుడు కోపమును శాంతముతోను, చెడును మంచితోను గెలుచువాడు. అది వినగానే కోసలరాజును ఆతని సారథియు రథము దిగి, గుర్రములను విప్పి, దారి నిచ్చిరి. మన కూడలులలో ఈ పరీక్ష మొదటి ప్రశ్నయొద్దనే, అనగా బండి పరిమాణమునొద్దనే, ముగిసిపోవుచున్నది: బస్సు కారును, కారు ఆటోను, ఆటో స్కూటరును, అందరును కలిసి పాదచారిని తొలగింతురు.

బ్రిటనులో 2022 జనవరియందు రోడ్డు నియమావళిని సవరించి, కూడలిలో మలుపు తిరుగువారు తాము మళ్ళు వీధిని దాటుచున్నవారికే గాక దాటుటకై వేచియున్నవారికి సయితము దారి యీయవలెనని చేర్చిరి. వేచియున్నవాడింకను రోడ్డుపై అడుగిడలేదు. కనబడునది వాని సంకల్పము మాత్రమే. శరీరము చక్రముల ముందునకు వచ్చువరకు ఆగక, ఎదుటివాని సంకల్పమునే గుర్తించుమని కోరుట నాకు చట్టముకన్న సాధనకు దగ్గరగా తోచుచున్నది.

ఈ సాధనకు నేర్పును కావలెను. హఠాత్తుగా బ్రేకు త్రొక్కినవాడు వెనుకవానిచే గ్రుద్దబడును. దూరముననే వేగము తగ్గించి, అద్దములో వెనుకకు చూచి, గీతలకు ముందుగా నిలువవలెను. నిలిచినపుడు వెనుక హారనులు మ్రోగును, కొందరు తిట్టుదురు, ఓర్చుకొనవలెను. మరియొకటి: తాను నిలిచితినిగదా యని పాదచారిని చేసైగతో రమ్మని పిలువరాదు. ప్రక్కవరుసలో వచ్చు మోటారుసైకిలువాడు ఆగునో లేదో తనకు తెలియదు. తన బండి చాటున నున్న మనిషి వానికి కానరాడు. తాను నిలిచి, దారి విడిచి, ఎప్పుడు నడువవలెనో ఆ నిర్ణయమును నడచువానికే వదలవలెను.