ఈ ఎరుపు ఎక్కడిది?

రంగులు నిండుగా పరిచిన ప్రకృతి దృశ్యం ఎదురైతే మనలో చదువుకున్న ప్రేక్షకుడికి వెంటనే ఒక అనుమానం వస్తుంది. చెట్లు, చెరువు, సాయంకాలపు ఆకాశం ఇంత అందంగా ఉన్నాయంటే ఈ బొమ్మ ఏదో దాస్తున్నదని. విశాఖపట్నం విషయంలో ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఒక పక్క రేవు, ఇంకో పక్క ఉక్కు ఫ్యాక్టరీ, నడుమ చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఊళ్లో కూర్చుని ఎవరైనా నీలి సముద్రాన్నీ పచ్చటి కొండల్నీ వేస్తుంటే అది కళ్లు మూసుకోవడం కాక మరేమిటని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కానీ దానికి నా జవాబు వేరు. విశాఖలో ప్రకృతిని ఒకవైపు, పరిశ్రమను ఒకవైపు పెట్టి మనం గీసుకున్న గీత రంగు దగ్గరికి వచ్చేసరికి చెరిగిపోతుంది. ఈ చోటి రంగును చిత్తశుద్ధితో పట్టుకున్న చిత్రకారుడు ఒక్క పొగగొట్టం వేయకపోయినా ఈ ఊరి కథ చెప్పినట్టే. పట్టుకోలేనివాడు పది క్రేన్లు వేసినా చెప్పనట్టే.

ఎరుపుతో మొదలుపెడతాను. విశాఖ నుంచి భీమిలి వెళ్లే తీరం దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. మనకు అవి ఎక్కువగా సినిమా పాటల్లో పరిచయం కాబట్టి అక్కడున్నది ఒకే ఎరుపు అనుకుంటాం. వాన కోసిన ఏదో ఒక సందులోకి దిగి, గోడకు ఎదురుగా నిలబడి పైనుంచి కిందికి చూడాలి. అన్నిటికన్నా పైన వదులుగా ఉన్న లేత పసుపు ఇసుక. దాని కింద ఇటుక ఎరుపు. ఇంకా కిందికి పోతే గోధుమ రంగు కలిసిన ముదురు ఎరుపు, అందులో గడ్డకట్టిన ముద్దలు. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని వేర్వేరు పొరలుగా లెక్కపెడతారు. ఈ ఇసుక ఎర్రగా పుట్టలేదు. కొండల నుంచి ఏళ్లూ గెడ్డలూ దించుకొచ్చిన ఇసుకను, సముద్రమట్టం తగ్గి ఉన్న కాలాల్లో గాలి ఇక్కడ పోగుచేసింది. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్ల నుంచి వచ్చిన గార్నెట్ లాంటి ఖనిజాల్లోని ఇనుము వేల ఏళ్లపాటు తడికీ గాలికీ మారుతూ, ఒక్కొక్క రేణువుకు పలచని ఐరన్ ఆక్సైడు పూత పెట్టింది. ఆ పూత తీసేస్తే లోపల మిగిలేది చాలావరకు గాజులాంటి క్వార్ట్జు. అంటే ఆ ఎరుపులో మనకు కనిపిస్తున్నది ఆ మట్టి వయసు. పై పొరకు ఇంకా అంత వయసు రాలేదు కనుక అది పసుపుగా ఉంది. దిబ్బలన్నిటికీ ఒకే ఎరుపు ట్యూబు పిండేసిన చిత్రకారుడు ఆ కాలాన్నంతా తుడిచేశాడు. ఇటుక ఎరుపు ఎక్కడ ఆగి పసుపు ఎక్కడ మొదలైందో గమనించి వేసినవాడు, తనకు తెలిసో తెలియకో, చరిత్ర రాశాడు.

ఇప్పుడు రేవు వైపు చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడ జిల్లాలో బైలదిల్లా అనే కొండల వరస ఉంది. ఎద్దు మూపురంలా ఉంటుందని ఆ పేరు. ఆ కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్ ఓడలకు ఎక్కించడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా అనంతగిరి, అరకు కొండల్ని తొలుచుకుంటూ రైలుమార్గం వేశారు. 1933లో మొదలైన విశాఖ రేవుకు 1976లో ఔటర్ హార్బరు వచ్చిందంటే పెద్ద పెద్ద ఖనిజం ఓడలు నిలబడడానికే. ఉక్కు ఫ్యాక్టరీలోని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులూ ఆ బైలదిల్లా ఖనిజం మీద ఆధారపడ్డవే. ఆ ఖనిజం పేరు హెమటైటు, అదీ ఐరన్ ఆక్సైడే. వ్యాగన్లలో దిగేదీ, దిబ్బల మీద ఇసుక రేణువుకు పూతగా పట్టిందీ ఒకే జాతి పదార్థం. కొలిమిలో జరిగే పనల్లా కోకు సాయంతో ఆ ఎర్రటి ఆక్సైడులోంచి ఆక్సిజన్‌ను లాగేయడం. లాగేసిన దాన్ని సముద్రపు ఉప్పుగాలి ఊరుకోకుండా తిరిగి ఇచ్చేస్తూ ఉంటుంది. రేవులో కట్టిన గొలుసు మీద, జాలరి పడవ మేకు మీద, తీరం ఇళ్ల కిటికీ ఊచల మీద పట్టే తుప్పు అదే. ఇక చిత్రకారుడి పెట్టె తెరవండి. లైట్ రెడ్, ఇండియన్ రెడ్, యెల్లో ఓకర్, అంబర్, అన్నీ ఇనుప మట్టులు. సియెన్నా అనే పసుపు మట్టిని కాలిస్తే ఎర్రటి బర్న్‌ట్ సియెన్నా అవుతుంది. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారైన ప్రష్యన్ బ్లూ కూడా ఇనుము నుంచి వచ్చిన రంగే, కాబట్టి సముద్రం వేయబోయినా చిత్రకారుడు ఇనుమును ముట్టుకోవలసిందే. మన ఇళ్లలో గడపలకూ అరుగులకూ పూసిన జేగురు, గుడి గోడల కావి ఈ కుటుంబానివే. ఇంత దగ్గర చుట్టరికం ఉన్నవాటిని, ఒకటి ప్రకృతి, ఇంకొకటి పరిశ్రమ అని రెండు గదుల్లో ఎలా పెడతాం?

ఈ మాటకు తెలుగు చిత్రకళలోనే ఒక బలమైన సాక్ష్యం ఉంది. మధిరలో 1940లో పుట్టి 2019లో కన్నుమూసిన సూర్యప్రకాష్ మన కాలపు ప్రకృతి చిత్రకారుల్లో పెద్దవాడు. హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివాడు, ఢిల్లీలో చిత్రకారుడు రామ్‌కుమార్ దగ్గర పనిచేశాడు. ఈ తరానికి ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేవి రాలిన ఆకులు, తామర కొలనులు, నీళ్లలో వణికే చెట్ల నీడలు, వాటి మీద పండుగలా పరుచుకున్న రంగు. అయితే మొదట్లో ఆయనకు పేరు తెచ్చినవి తుప్పు పట్టిన మోటారు వాహనాల తుక్కు కుప్పల బొమ్మలు. యంత్రం చచ్చిపోయిన చోటు నుంచి ఆకుల దగ్గరికి వెళ్లిన ఈ మలుపును లోకం కాఠిన్యం నుంచి సౌందర్యానికి పారిపోవడంగా చదవవచ్చు. ఆ చదువు నాకు సరిగా తోచదు. తుప్పు పట్టిన బానెట్ రేకులోనూ రాలడానికి సిద్ధమైన ఆకులోనూ కన్ను పట్టుకోవలసినది ఒకటే: ఒక వస్తువు చల్లగా, మెల్లగా మారిపోతుండగా ఆ మార్పు రంగుగా పైకి రావడం. తుక్కు దగ్గర ఆయన నేర్చుకున్న చూపే ఆకు దగ్గర పనికొచ్చింది. ఆకు ఎరుపు ఇనుము వల్ల రాదు, అది ఆకులో తయారయ్యే వేరే వర్ణద్రవ్యం, ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ ముందు తుప్పును ఓపికగా చూసిన కన్ను తరువాత ఏ ఆకునూ ఊరికే ముద్దుగా వేయలేదని నా నమ్మకం. విశాఖకు సూర్యప్రకాష్ నుంచి అందే పాఠం ఇదే. ఈ ఊళ్లో తుప్పూ ఆకూ ఒకే వీధిలో ఉంటాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఎంత చెప్పినా పొగగొట్టాన్ని వదిలేసి కొండను మాత్రం వేయడం అబద్ధమే కదా, సగం నిజం కదా అంటారు. చరిత్ర వేరుగా చెబుతోంది. ఇంప్రెషనిజం అనే మాటకు పుట్టుక అయిన మొనే చిత్రం, 1872 నాటి సూర్యోదయం, ఒక రేవు బొమ్మ. ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవులో క్రేన్లూ పొగా పొద్దుటి మంచులో కలిసిపోయి ఉంటాయి, నడుమ ఒక నారింజ చుక్క. 2023లో ఇద్దరు వాతావరణ శాస్త్రవేత్తలు, చిత్రకారులు టర్నర్, మొనే వేసిన దాదాపు 100 చిత్రాలను పరిశీలించి, ఆ కాలంలో బొగ్గు పొగ పెరిగేకొద్దీ ఆ బొమ్మల్లో అంచులు మసకబారడం, రంగులు తెల్లబారడం కనిపిస్తున్నదని చూపించారు. ఆ చిత్రకారులిద్దరూ కాలుష్యం మీద ప్రచారం చేయడానికి కుంచె పట్టలేదు. వెలుగును వెలుగుగా వేశారు. పొగ తనంతట తాను బొమ్మలోకి వచ్చి కూర్చుంది. మన దగ్గర వన్‌టౌన్ గచ్చుల మీద, ఆకుల మీద రేవు ధూళి పడుతున్నదని అక్కడివాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ పేటలో ఒక వేపచెట్టును వేసే చిత్రకారుడు క్రేనును వేయనక్కరలేదు. ఆ చెట్టు ఆకుపచ్చ సింహాచలం కొండ మీది ఆకుపచ్చలా ఎందుకు లేదో నిజాయితీగా కలిపితే చాలు. పోర్టు క్రేన్ల వెనక సముద్రాన్ని ఎప్పుడూ ఒకే నెమలి నీలంతో నింపేవాడి బొమ్మలో పరిశ్రమ ఉన్నా నిజం ఉండదు.

ఇంకో అభ్యంతరాన్ని పూర్తిగా కాదనలేను. ఇలాంటి బొమ్మలు చివరికి హోటలు లాబీలకూ కొత్త ఫ్లాట్ల హాలు గోడలకూ అలంకారంగా పోతాయి అన్నది. చాలా పోతాయి. వాటిలో చాలా భాగం బాగుండవు కూడా. మన తీరంలో లేని మేపుల్ అడవి, ఎవరూ చూడని మంచు శిఖరం, పోస్టుకార్డు నుంచి దించిన శరత్కాలం సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఇంటి గోడ మీద వేలాడుతుంటాయి. దోషం రంగుది కాదు. ఆ రంగు ఏ చోటినీ చూసి పుట్టలేదు, అదీ దోషం. మనకు ఎర్రబడే ఆకులు లేవా? మాఘం, ఫాల్గుణాల్లో విశాఖ వీధుల్లో బాదం చెట్టు కింద పడిన ఒక ఆకును చేతిలోకి తీసుకోండి. అరచేతికన్నా పెద్దది. అంచుల దగ్గర వంకాయ రంగుకు దగ్గరైన ఎరుపు, లోపలికి వచ్చేసరికి నారింజ, నడిమి ఈనె పక్కన మాత్రం ఇంకా పోని ఆకుపచ్చ, అక్కడక్కడ పురుగు తొలిచిన నల్ల చుక్కలు. మన శిశిరం ఇలా ఉంటుంది. అరకులో చలికాలంలో వలిసె చేలు పూసినప్పుడు కొండ మడతల్లో పరుచుకునే పసుపు ఉంది, అది నూనెగింజల పంట పసుపు, గిరిజన రైతు విత్తిన పసుపు. ఇవన్నీ ఉండగా బయటి రంగులు తెచ్చుకోవడం పేదరికం. అలంకారం అన్న మాటనైనా అంత చులకన చేయనక్కరలేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి సూర్యప్రకాష్‌ను చాలా ఏళ్లు తన ఆవరణలోనే ఆస్థాన చిత్రకారుడిగా ఉంచుకుంది. చూపు బాగుచేసే చోట ఒక చిత్రకారుడికి స్థలం ఇచ్చారంటే, చూపు లెన్సుతో పూర్తవదని వాళ్లు గ్రహించారనే నాకు అనిపిస్తుంది.

ఫోన్లో ఫొటో ఉండగా ఇదంతా ఎందుకు అనేవారికి క్లుప్తంగా చెబుతాను. ఫోను కెమెరా చూసేవాళ్లు మెచ్చేలా రంగును తానే పెంచి ఇస్తుంది. దిబ్బల్లోని మూడు రంగులను దగ్గరకు లాగి ఒకటిగా చేస్తుంది, ప్రతి సాయంత్రాన్నీ నారింజ చేస్తుంది. చిత్రకారుడు ప్రతి మచ్చనూ చేత్తో కలపాలి, కలిపేటప్పుడు నిర్ణయించుకోవాలి, తప్పితే మళ్లీ కలపాలి. ఆ నిర్ణయాల మొత్తమే బొమ్మ. దాని విలువ అప్పటికప్పుడు తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. మరునాడు కొండలు గోధుమ రంగులో ఉన్నాయి. మిగిలిన చెట్లకు ఆకు లేదు. ఎన్ని చెట్లు పోయాయో లెక్కలు చెబుతాయి. కైలాసగిరి పచ్చదనం అంతకు ముందు ఎంత ముదురుగా ఉండేది, సముద్రం పక్కన ఆ పచ్చ ఎలా కనిపించేది అనేది లెక్కలు చెప్పవు. అంతకు ముందు ఎవరైనా శ్రద్ధగా వేసి ఉంటే ఆ బొమ్మ చెబుతుంది.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న మనుషుల గురించి. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని లేచిన ఉద్యమంలో 32 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ కోసం 60కి పైగా గ్రామాల వాళ్లు భూములు ఇచ్చారు. ఆ నేల మీద మనుషులు లేని దృశ్యం వేస్తే వాళ్లను మరోసారి చెరిపేసినట్టు కాదా? కావచ్చు, చిత్రకారుడు ఆ నేలను ఎవరిదీ కాని అందంగా వేస్తే. నేలను మనిషి చేయి పడిన నేలగా వేసినప్పుడు అలా జరగదు. దిబ్బల అంచున జీడితోట, సరుగుడు వరస, తాటిచెట్ల మధ్య కాలిబాట, వలిసె చేను గట్టు, ఇవన్నీ ఎవరో నాటినవి, ఎవరో నడిచినవి. వాటి రంగులు సరిగా పడితే ఆ మనుషులు ఆ నేల మీద ఉన్నట్టే లెక్క. ఇది చాలదని, మనిషి ముఖమే కావాలని అడిగేవాళ్ల కోరిక న్యాయమైనదే. దానికి వేరే చిత్రకారులు కావాలి. ఒకే బొమ్మ మీద అన్ని బాధ్యతలూ పెట్టలేం.

కాబట్టి విశాఖలో బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలకూ నేర్పుతున్న పెద్దలకూ ఒక మనవి. ఈసారి ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లినప్పుడు ఎర్ర ట్యూబును ఇంటి దగ్గర వదిలేసి, ఓకర్, కాల్చిన సియెన్నా, తెలుపు మాత్రమే తీసుకెళ్లండి. పొరకు పొర కలపండి. మట్టిని మాత్రం అక్కడి నుంచి చిటికెడైనా తేవద్దు. గోడకు ప్రకృతి చిత్రం కొనుక్కోబోయే వాళ్లకు ఒక మాట. ధర అడిగే ముందు చిత్రకారుణ్ని ఈ ఎరుపు ఎక్కడిదని అడగండి. ఫలానా చోటిది, ఫలానా నెలలోది అని చెప్పగలిగితే ఆ బొమ్మ తీసుకోండి.