కనుభ్రమయు సత్యమును

రోమా నగరమున సాధు ఇగ్నేషియసు పేర వెలసిన జెసూటు దేవాలయమునకు గుమ్మటము లేదు. లోనికి బోయినవానికి మాత్రము తలపై గుమ్మటమే కానవచ్చును. కట్టదలచిన గుమ్మటము కట్టబడకపోగా, 1685వ సంవత్సరమున ఆండ్రియా పొజ్జో యను ఆ సంఘపు సహోదరుడు ఏబది యడుగులకు మించిన గుడ్డపై దానిని చిత్రించి, చదునుగా బిగించెను. సత్యమును బోధింపవలసిన చోట కనులను మోసగించుట ధర్మమా? ఆడంబరమును నిరసించు మనవంటివారికి అధర్మమనియే వెంటనే తోచును.

బరోకు శిల్పమునంతటిని ఈ నేరము క్రిందనే త్రోసివేయుట కొందరికి వాడుక. వంపులు తిరిగిన గోడలు, వృత్తమునకు మారుగా అండాకృతి, వెలుగునీడల పెనుగులాట, చిత్తరువెక్కడ ముగిసి రాతిపని యెక్కడ మొదలైనదో తెలియనీయని కలయిక దాని లక్షణములు. అంతకు ముందటి పునరుజ్జీవన కాలపు శిల్పమో, నిరాడంబరము, సత్యసంధము నని వారి వాదము. ఇది చరిత్రకు నిలువదు. దూరపు వస్తువు కంటికెంత చిన్నదగునో లెక్కకట్టి చిత్రించు విద్యను 15వ శతాబ్దారంభమున ఫ్లారెన్సులో బ్రూనెల్లెస్కీ చూపెను. ఆ శతాబ్దము ముగియక మునుపే మిలానులోని సాన్ సాతిరో ఆలయమున, వెనుక వీధి యడ్డురాగా, బ్రమాంతే మూడడుగుల పైచిలుకు లోతులోనే విశాలమైన గర్భగృహ మున్నట్లు భ్రమింపజేసెను. సమతకును నిగ్రహమునకును పేరుపడిన బ్రమాంతేయే! తాత నాటిన చెట్టు కాయను గోసిన మనుమని మాత్రము దొంగ యనుట న్యాయమా?

ఉన్నదానికి మారుగా వేరొకటి చూపినంతనే అసత్యము పూర్తికాదు. ఆ సంగతిని దాచవలెను గూడ. పొజ్జో దాచలేదు. ఎచ్చట నిలిచిన చిత్రము సరిగా గనబడునో యచ్చట నేలపై నొక గుండ్రని గుర్తు గలదు. 1693లో ఆతడు తన విద్యామర్మములను పటములతో గ్రంథముగా బ్రకటింప నారంభించెను. మోసగాడు తన కిటుకును అచ్చొత్తించునా?

గ్రంథము చదువనేరని పల్లెవాని మాట యేమి? ఇది తేలికగా ద్రోయరాని ప్రశ్న. విగ్రహములును పటములును జనులకు మతబోధ చేయవలెనని ట్రెంటు మహాసభ 1563లో నిర్ణయించియుండెను. నమ్మి వచ్చినవానిని, నేర్చినవాడు భ్రమపెట్టుట చిన్న దోషము కాదు. అయిన నా పల్లెవాడు గుర్తుమీదనే నిలిచియుండడు గదా! ప్రార్థనకై బలిపీఠమువైపు నడచును. నడచినకొలది గుమ్మటము వంకరపోయి, ప్రక్కకొరగి, తాను పటమునని అక్షరము రానివానికి గూడ చెప్పుకొనును.