అడగడం నేర్చుకునే ఏడాది

మీర్‌పేట్ గల్లీల్లో పొద్దున్నే కాలేజీ బస్సు కోసం నిలబడే పిల్లలకు, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల నాలుగేళ్ల ఇంజనీరింగ్ పూర్తయ్యేసరికి కనబడే దారుల్లో అమెరికా ఒకటి. 2023-24లో అక్కడి భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాదే మన దేశం చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చింది. వాళ్లలో సగానికి పైగా పీజీ చదువులవాళ్లే కాబట్టి మనకు ‘ఫస్టియర్’ అంటే ఎక్కువగా మాస్టర్స్ మొదటి ఏడాదే. ఆ ప్రయాణానికి ఇల్లంతా సిద్ధమవుతుంది. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది. కుక్కరు, పచ్చళ్లు, పొడులు సర్ది, బరువు తూచి మూసిన సూట్‌కేసులు. బయల్దేరేటప్పుడు పెద్దలు చెప్పే మాట ఒక్కటే: ‘ఎట్లున్నా సర్దుకుపో బిడ్డా.’ ఆ మాటలో ప్రేమ ఉంది, కానీ అది సరిపోదు. సర్దుకుపోవడం మన పిల్లలకు బాగానే వచ్చు. ఇంటర్ హాస్టళ్లలో రెండేళ్లు గడిపినవాళ్లకు ఇరుకు గదీ, చప్పటి కూడూ కొత్త కాదు. రానిది అడగడం. మొదటి ఏడాది పడే కష్టాల్లో చాలా వాటికి వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

మొదటి క్లాసులో చేతికొచ్చే సిలబస్‌నే చూడండి. మన దగ్గర సిలబస్ అంటే యూనిట్ల పట్టిక. అక్కడ అది ప్రొఫెసరుకూ విద్యార్థికీ మధ్య ఒప్పందం లాంటిది: ఏ అసైన్‌మెంటుకు ఎన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత, పక్కవాళ్ల సాయం ఎంతవరకు తీసుకోవచ్చు. పైన ప్రొఫెసరు పేరు కిందనే ‘ఆఫీస్ అవర్స్’ అని ఒక వరుస, ఏ రోజు, ఏ గంట, ఏ గది అని. ఆ సమయం విద్యార్థి కోసమే కేటాయించింది. మనవాడు ఆ వరుస చదువుతాడు, తనకు కాదనుకుంటాడు. ఇక్కడ స్టాఫ్ రూముకు పిలుపొచ్చిందంటే అటెండెన్స్ తగ్గిందనో, రికార్డు ఇవ్వలేదనో అర్థం. క్లాసులో డౌటు అడిగితే వెనక బెంచీ నవ్వుతుంది. పోర్షన్ అయిపోవాలన్న తొందరలో లెక్చరరు ‘తర్వాత చెప్తా’ అంటారు. పదహారేళ్లు అట్లా మూసుకున్న నోరు విమానం దిగగానే తెరుచుకోదు. రాతలోనూ ఇదే చిక్కు. సీనియర్ రికార్డు చూసి శుభ్రంగా దించడం ఇక్కడ మామూలు పని. అక్కడ ఎవరి మాట వాడుకున్నామో చెప్పకపోతే తప్పు, కొన్నిసార్లు సీటుకే ముప్పు. ఎవరి దగ్గర తెలుసుకున్నామో ఒప్పుకోవడం కూడా అడగడంలో భాగమే.

ఓర్పు గొప్పదనానికి ఉదాహరణగా మనం యల్లాప్రగడ సుబ్బారావు గారిని చెప్పుకుంటాం. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920లలో బోస్టన్ చేరిన ఆయన ఆస్పత్రిలో రాత్రి కూలీగా పనిచేస్తూ చదువుకున్నారు. అది నిజం, గౌరవించదగిన నిజం. కానీ ఆయన పేరు నిలబెట్టింది ఆ ఓర్పు ఒక్కటే కాదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రంగును బట్టి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని తయారుచేసి 1925లో ప్రకటించారు. కండరం నుంచి తీసిన ద్రవాన్ని ఆ పద్ధతిలో పరీక్షిస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు. పరీక్ష చెడిందని పారబోయలేదు, ఎందుకిట్లా అని అడిగారు. ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థం అట్లా బయటపడింది. ఓర్పు ఆయన్ని బోస్టన్‌లో నిలబెట్టింది. ప్రశ్న ఆయన్ని శాస్త్రవేత్తను చేసింది.

అసలు బాధ డబ్బు కదా, ప్రశ్నలతో అప్పు తీరుతుందా అని ఎవరైనా అనవచ్చు. లక్షల అప్పు నెత్తిన ఉన్నప్పుడు, తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదన్న నియమం ఎంత బరువో తెలియనిది కాదు. అయితే ఆ బరువు వల్లే అడగడం ఇంకా అవసరం. అసిస్టెంట్‌షిప్పులు చాలావరకు ప్రొఫెసరుకు పరిచయమైనవాళ్ల వైపే వస్తాయి. ఏ పని చట్టబద్ధమో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగితే పైసా ఖర్చు లేకుండా చెబుతారు. మరి మన తెలుగు రూమ్మేట్లు లేరా అనేది ఇంకో మాట. వాళ్లే లేకపోతే మొదటి నెల గడవదు. ఎయిర్‌పోర్టుకు వచ్చేదీ, జ్వరమొస్తే చారు కాచి పెట్టేదీ వాళ్లే. కానీ నలుగురూ ఒకే దారిన వచ్చినప్పుడు నలుగురికీ తెలిసింది ఒకటే, తెలియనిదీ ఒకటే. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అది అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. తరగతులు లేని ఆ చోటికి మన పిల్లలను చేర్చిన మధ్యవర్తులు మనవాళ్లే. తప్పంతా పిల్లలదే అనడం అన్యాయం. వల పన్నినవాళ్లూ, కమీషన్ తిన్నవాళ్లూ జవాబు చెప్పాల్సినవాళ్లే. అయినా తెలిసినవాళ్ల మాట దగ్గరే విచారణ ఆగిపోతే అబద్ధం కూడా మనవాళ్ల గొంతుతోనే వస్తుందని ఆ ఉదంతం చెబుతోంది.

ప్రశ్నించడం పరాయి అలవాటు, పెద్దల ముందు ఊరుకోవడమే మన మర్యాద అనేవాళ్లకు ప్రశ్నోపనిషత్తు కథ గుర్తుచేయాలి. ఆరుగురు శిష్యులు సమిధలు పట్టుకుని పిప్పలాదుడి దగ్గరకు వెళతారు. ఆయన వాళ్లను ఒక్క ఏడాది శ్రద్ధగా తన దగ్గర ఉండమంటాడు. ఆ తర్వాత ఇష్టమైనవి అడగండి, మాకు తెలిస్తే అన్నీ చెబుతాం అంటాడు. గురువే ‘తెలిస్తే’ అన్న చోట శిష్యుడికి తెలియదనడం సిగ్గు ఎట్లా అవుతుంది? ఆ ఏడాది వాళ్లు ఊరికే ఓర్చుకోలేదు, అడగడానికి తగినవాళ్లయ్యారు. పరదేశంలో మొదటి ఏడాదిని మనమూ అట్లాగే చూడాలి. అంతకన్నా ముందు ఆ అలవాటు ఇక్కడే, ఇబ్రహీంపట్నం దారిలోని క్లాసురూముల్లోనే మొదలవ్వాలి. ‘తర్వాత చెప్తా’ అన్న లెక్చరరు నిజంగా తర్వాత చెబితే చాలు, సగం ప్రయాణం అయినట్టే. ఇంటి పెద్దలు కూడా గుమ్మం దగ్గర చెప్పే మాటకు ఇంకొకటి కలపాలి: ‘సర్దుకుపో బిడ్డా, తెలవకుంటే మాత్రం అడుగు.’