విత్తన విజ్ఞానమూ, సేద్యపు నీతీ

మందులు మానిన రైతుకు జన్యుశాస్త్రంతో పనేమిటని అడిగేవారున్నారు. ప్రకృతి సేద్యమంటే పూర్వపు సేద్యమేనని వారి భావం. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో ఇది వాదం కోసం వేసుకొనే ప్రశ్న కాదు. 2021-22లో తామరపురుగు మిరప పూతను పట్టినప్పుడు ఎన్ని మందులు చల్లినా ఎన్నో తోటలు నిలవలేదు. తెల్లదోమ మోసుకువచ్చే బొబ్బర తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందే లేదు. అటువంటప్పుడు రక్షణలో కొంతైనా విత్తనంలోనే వుండాలి.

దాన్ని విత్తనంలోకి తేవాలంటే జన్యువును చదవాలి. చదవడం వేరు, చొప్పించడం వేరు. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తిలో సూక్ష్మజీవి జన్యువును చొప్పించారు; సేంద్రియ నియమాలు దాన్ని ఒప్పవు. రెండవ మార్గానికి ఉదాహరణ వరిలో వున్నది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి ఎండాకు తెగులుకు లొంగిపోయేది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు మామూలు సంకరంతోనే మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చారు. అవి ఏ మొక్కలో చేరాయో డి.ఎన్.ఎ. గుర్తులతో పోల్చుకున్నారు. 2008లో ఆ వంగడం విడుదలయింది. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. మిరపకూ ఈ దారి తెరిచే వున్నది. 2014లో కొరియా శాస్త్రజ్ఞులు జన్యుక్రమం ప్రకటించిన మిరప, పలు తెగుళ్లను తట్టుకొనే మెక్సికో నాటు రకం.

మరి నీతి ఎక్కడ భంగపడుతున్నది? చదవడంలో కాదు, చదివినదానికి తాళం వేయడంలో. బి.టి. పత్తి విత్తనంపై రాయల్టీ భరించరానిదై, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే గుత్తాధిపత్య కమిషన్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. ఆ తరువాత గులాబిరంగు పురుగు ఆ రక్షణను దాటిపోయింది. మూల్యం చెల్లించినవాడు రైతు. ఒకటి రెండు జన్యువులనే నమ్ముకొని, పంట మార్పిడిని మరచిన సేద్యం ఎంతకాలం నిలుస్తుంది?

2001 చట్టం 39వ సెక్షను రైతుకు తన విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, మార్చుకొనే హక్కు నిచ్చింది. కాని సంకర విత్తనం కొన్న మిరప రైతుకు ఆ హక్కు కాగితం మీదనే మిగులుతున్నది. మరుసటి తరంలో గుణాలు చెదిరిపోతాయి. ఏటేటా మళ్లీ అంగడికే పోవాలి.

కనుక విజ్ఞానాన్ని వెలివేయడం అభ్యుదయం కాదు, దాన్ని గుత్తకు వదలడమూ అభ్యుదయం కాదు. లాం వంటి ప్రభుత్వ పరిశోధనా క్షేత్రాలు, రైతు దాచి విత్తుకోగల నిరోధక రకాలను మందు చల్లని చేలల్లోనే, రైతుల కళ్లెదుటే పరీక్షించి అందించాలి. మాలి అడవి వరిని గాని, మెక్సికో నాటు మిరపను గాని ఏ కంపెనీ సృష్టించలేదు. ఆ సంపద తిరిగి రైతు గాదెకు చేరాలని అడగడం దానం కోరడం కాదు.